చుట్టుకాగితం

జనవరి 11

వదినకి,

వసపిట్ట రాస్తోంది. ఇక్కడికొచ్చి వారమైంది, ఇంతవరకు నా నోటికి సరైన పని దొరకలేదు. అందుకే ఈ ఉత్తరం పొడుగ్గా ఉంటుంది, భరించు.

సభలో నాకిచ్చిన కుర్చీ స్తంభం వెనక ఉంది. స్పీకరుకి నేను కనబడను, నాకు ఆయన కనబడడు. లేచి నిలబడి బాగా కుడివైపు వంగితే ఆయన చెవి ఒకటి కనిపిస్తుంది. ఇప్పటికి మూడుసార్లు ఆ చెవికే విన్నవించుకున్నాను. ఒకే ఒక్క సభ్యురాలున్న పార్టీకి రోజుకి రెండు నిమిషాలట. అందులో అర నిమిషం దగ్గు వచ్చి పోయింది.

వసతిగృహంలో నాలుగో అంతస్తు గది. మంచం, బీరువా, మూడు కుళాయిలు. నీళ్ళొచ్చేది ఒకదాన్లోనే. కిటికీకి తెరలు లేవు. ఎదురు గదిలో అధికారంలో ఉన్న పెద్ద పార్టీ ఆయన పొద్దున్నే గడ్డం గీసుకుంటూ పాటలు పాడతాడు. నిన్న వరండాలో ఆపి, "మీ పార్టీ గుర్తు దువ్వెన కదమ్మా, మాకూ ఒకటి పడెయ్యరాదూ?" అన్నాడు. ఆయన నెత్తి చూసి, "దువ్వడానికి మీ దగ్గర ఏముందండీ?" అన్నాను. తర్వాత గదిలోకొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నవ్వితే వినేవాళ్ళు కూడా లేరిక్కడ.

ఇంకో సంగతి. ఆరోగ్యమంత్రి పిలిపించాడు. బల్ల మీద మన ఏటవతల ఆసుపత్రి ఫైలు ఉంది వదినా! దుమ్ము దులిపి పెట్టుకున్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళుగా మనం అడుగుతున్నదే. నేను పద్దెనిమిదేళ్ళు నర్సు పని చేశాను, ఆ ఏరు దాటే పడవలో ఎన్ని కాన్పులు చేశానో నీకు తెలుసు. ఇద్దరు తల్లులు పడవలోనే నా చేతుల్లో పోయారు. ఆ ఫైలు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిరగేశాను. ఆలోచించుకుని వస్తానని చెప్పి వచ్చేశాను.

పార్టీ రిజిస్ట్రేషన్ తిరగరాయించాలట. బల్లల జాబితా, ఒక పేజీలో పార్టీ చరిత్ర, మన ముద్ర పంపు.

నీ వసపిట్ట

జనవరి 20

చిరంజీవి వసపిట్టకి,

నీ ఉత్తరం ఆఫీసులో అందరికీ చదివి వినిపించాను. చెవికి విన్నవించుకున్న చోట డిపో కండక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళజోళ్ళాయన మాత్రం నవ్వలేదు. ఆయన సంగతి తెలుసుగా, మన మేడ కింద దుకాణంలో ఊరందరికీ అద్దాలు బిగించి, తను మాత్రం ఒక్క జోడూ పెట్టుకోకుండా లోకాన్ని అనుమానంగా చూస్తాడు. "మంత్రులు ఊరికే పిలవరమ్మా" అని పుల్లవిరుపుగా అన్నాడు. "ఆ పిల్ల ఎవరి చెల్లెలనుకున్నారు?" అన్నాను. గొణుక్కుంటూ దుకాణంలోకి దిగిపోయాడు.

బల్లలు ఇరవై రెండు ఉన్నాయి. ఇరవైకి తగ్గితే రిజిస్ట్రేషన్ పోతుంది కాబట్టి గుండె చేత్తో పట్టుకునే ఉన్నాను. కుట్టుపని వీధి బల్లలో ఆరుగురే మిగిలారు. ఏడో మనిషిగా దర్జీ తన అత్తగారిని చేర్పించాడు. ఆవిడ మొదటి సమావేశంలోనే అల్లుడన్న ప్రతిమాటకీ కాదంది. చాలాకాలానికి మంచి సభ్యురాలు దొరికింది.

చరిత్ర రాసుకో. నువ్వప్పటికి పన్నెండేళ్ళదానివి, సగమే గుర్తుంటుంది. మీ అన్నయ్య మా ప్రెస్సులో కంపోజిటరు, పెద్ద పార్టీలో శాఖ కార్యదర్శి. మహాసభలో "ఏటవతల ఆసుపత్రిని మూయరాదు" అని తీర్మానం చదివితే విని అందరూ చేతులెత్తారు. వారం తిరక్కుండా అదే తీర్మానం అచ్చుకి మా ప్రెస్సుకొచ్చింది. అందులో "మూయవచ్చు" అని ఉంది. నాలుగు నకళ్ళు తీశారట, రెండు ఒకలా, రెండు ఇంకోలా ఉన్నాయి. ఏది అసలుదో చెప్పేవాడు లేడు. "ఈ అక్షరాలు నా చేత్తో పేర్చను" అని మీ అన్నయ్య లేచి వచ్చేశాడు. ఆసుపత్రి ఎలాగూ మూసేశారు.

ఆయన వెంట ఆరుగురొచ్చారు. మొత్తం ఏడుగురూ ఇప్పుడు నేను రాస్తున్న ఈ బల్ల చుట్టూ కూర్చున్నారు. అందుకే మిగతా పార్టీలకి శాఖలుంటే మనకి బల్లలున్నాయి. ఏడుగురు కూర్చుంటే ఒక బల్ల. అధ్యక్షుడు వద్దనుకున్నారు, చుట్టుకాగితం చాలన్నారు. ఏ తీర్మానమైనా ప్రతిపాదించే మనిషి సొంత చేత్తో, ఒకే ఒక్క కాగితం మీద రాయాలి. నకలు తీయకూడదు, టైపు చేయకూడదు. ఆ ఒక్క కాగితమే బల్లబల్లకీ తిరగాలి. ఒప్పుకుంటే బల్లకొకరు కింద "సరే" అని రాసి సంతకం పెట్టాలి. ముందు చదివి సంతకం పెట్టే పని నాకు అప్పగించారు, ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని కాబట్టి. గుర్తుకి దీపం అడిగితే ఎవరో పట్టుకుపోయారు, గొడుగు అడిగితే అదీ పోయింది, మిగిలింది దువ్వెన. ఇక పద్నాలుగేళ్ళ కిందట పదకొండు బల్లలు పదవులకి ఆశపడి పెద్ద పార్టీలో కలిసిపోయాయి. ఆ నెలంతా మీ అన్నయ్య సరిగ్గా అన్నం తినలేదు. ఆ సంగతి రాయకు, పదకొండు తగ్గాయని రాస్తే చాలు.

ముద్ర పంపడానికి ముందు చెయ్యి రాలేదు. మీ అన్నయ్య పోయాక అది ఈ గడప దాటలేదు. నీకు కాక ఇంకెవరికి పంపుతాను అనుకుని గుడ్డలో చుట్టి కండక్టరుకిచ్చాను.

వేళకి తిను. చెవి కనబడితే నేనడిగానని చెప్పు.

నీ వదిన

ఫిబ్రవరి 14

వదినకి,

ముద్ర చేరింది. ఆ గుడ్డ నీ పాత నీలం చీర ముక్క కదూ, పోల్చుకున్నాను.

కిటికీకి తెరలు కొన్నాను. లేత పసుపు. కొలత తప్పి జానెడు పొట్టివయ్యాయి. కింద నుంచి ఎండ నేరుగా మొహం మీదే పడుతుంది. దుకాణంవాడు మార్చనన్నాడు. వాడితో అరగంట వాదించి, చివరికి వాడి మోకాలు వాపుకి మందు చెప్పి వచ్చాను. నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది! గదిలో ఒక బొద్దింక కుటుంబం ఉంది, వాటికి నేనంటే భయం లేదు. సభలో కుర్చీ మార్చమని అర్జీ పెట్టాను. స్తంభం మార్చడం కుదరదని జవాబొచ్చింది. నేనడిగింది కుర్చీ కదా!

అక్కడ చలి ఎలా ఉంది? నీ మెడ నొప్పి తగ్గిందా? ప్రూఫులు చదివేటప్పుడు దీపం ఎడమ వైపు పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను.

దీనితోపాటు చుట్టుకాగితం ఒకటి పంపుతున్నాను. ఆసుపత్రి గురించి. మంత్రి ఎన్నాళ్ళో ఆగడు, ఇక్కడ ఏదో ఒకటి తేల్చుకోవాలి. నాలుగే వాక్యాలు రాశాను. నువ్వు జాగ్రత్తగా చదువు వదినా. చదివాకే బల్లలకి పంపు.

నీ వసపిట్ట

మార్చి 9

చిరంజీవి వసపిట్టకి,

చుట్టుకాగితం ఇవాళే తిరిగొచ్చింది. ఇరవై రెండు బల్లలూ, ఇరవై రెండు "సరే"లూ! ఇంత త్వరగా ఏ కాగితమూ తిరగలేదు. కండక్టరు కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. ఏటవతల బల్లవాళ్ళు ఆసుపత్రి అన్న మాట చూడగానే మిగతాది చదవకుండానే సంతకం పెట్టారట. ఒకావిడ ఏడ్చిందట. దర్జీ అత్తగారు కూడా ఈసారి కాదనలేదు.

నా సంగతి నిజం చెప్పాలంటే, మొదటిసారి చదివినప్పుడు చెయ్యి ఆగింది. "ఆసుపత్రి మంజూరు చేస్తే మన పార్టీ అధికార పక్షంతో కలవడానికి సమ్మతి" అని కదా రాశావు. మీ అన్నయ్య ఉంటే కాస్త గొణిగేవాడు. కానీ ఆలోచించాను. వాళ్ళతో కలిసి నాలుగు ఓట్లు వేసినంత మాత్రాన మనం అరిగిపోతామా? మన బల్లలు మనకుంటాయి, మన దువ్వెన మనకుంటుంది. అందుకే అందరికంటే పైన "సరే" రాశాను. అది చూసి మిగతావాళ్ళు రాశారు. "వదినగారు చదివారా? అయితే ఇటివ్వండి" అన్నారట చాలాచోట్ల. అంత నమ్మకానికి కొంచెం గర్వంగానే ఉంది, నీ దగ్గర దాపరికమెందుకు.

బజారు బల్ల తరఫున వచ్చిన కళ్ళజోళ్ళాయన మాత్రం ఒక తమాషా చేశాడు. కాగితాన్ని వీధి వెలుగుకి పట్టి పట్టి చూసి, "అమ్మా, ఇది 'తో' కాదు, 'లో'. అధికార పక్షంలో కలవడానికి అని ఉంది" అన్నాడు. మొహం పాలిపోయింది పాపం. నేను పగలబడి నవ్వాను. "దుకాణం నిండా కళ్ళజోళ్ళు పెట్టుకుని తమరు ఒకటి పెట్టుకోరేమండీ?" అన్నాను. నీ చిన్నప్పటి త సంగతి అందరికీ చెప్పాను. నువ్వు "తాళం" రాస్తే "లాళం", "తాత" రాస్తే "లాల". మీ అన్నయ్య ఇల్లంతా తిరుగుతూ "లాలగారు లాళం వేశారా?" అని నిన్ను ఏడిపించేవాడు. నువ్వు పలక విసిరికొట్టేదానివి. ఆ పలక పగులు ఇప్పటికీ మన గుమ్మం మీద ఉంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వితే కళ్ళజోళ్ళాయన బిక్కమొహం వేసి, "అయితే సరే" అని సంతకం పెట్టాడు.

ఆసుపత్రిలో ప్రసూతి వార్డు కిటికీలు ఏటివైపు పెట్టించు. తెరలు మాత్రం నువ్వు కొనకు.

నీ వదిన

మార్చి 17

వదినకి,

కాగితం అందింది. నీ "సరే" అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో ఉంది.

నాలుగు రోజులుగా జలుబు. అందుకే జవాబు ఆలస్యమైంది. గదిలో రెండో కుళాయి కూడా బాగుచేశారు. ప్రసూతి వార్డు ఇరవై మంచాలు. ఇంజనీరు పటం చూపించాడు, కిటికీలు ఏటివైపే ఉన్నాయి. నేను చెప్పకముందే అలా గీశాడు. పునాది వచ్చే నెలలో.

మెడకి వేడినీళ్ళ కాపడం పెట్టుకో. ఇంకేమీ రాయలేకపోతున్నాను.

నీ వసపిట్ట

ఏప్రిల్ 4

చిరంజీవి వసపిట్టకి,

పొద్దున ప్రెస్సుకి వెళ్ళేసరికి అందరూ పత్రిక చుట్టూ మూగి చెవులు కొరుక్కుంటున్నారు. నన్ను చూసి చెదిరిపోయారు. మొదటి పేజీలోనే ఉంది. మన పార్టీ అధికార పక్షంలో విలీనమట. దువ్వెన గుర్తు రద్దట. నువ్వు ఉపమంత్రివట.

"అచ్చుతప్పు" అన్నాను. "తో పడాల్సిన చోట లో పడితే, మిగతాదంతా వాళ్ళే అల్లేసుకున్నారు. ఇలాంటివి రోజుకి పది దిద్దుతాను" అన్నాను. యజమాని జాలిగా చూసి టీ తెప్పించాడు. ఆ టీ తాగలేకపోయాను.

మధ్యాహ్నం రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది. చుట్టుకాగితం, మన ముద్ర ఆధారంగా పార్టీ పేరు జాబితాలోంచి కొట్టేస్తారట. నెలలోపు అభ్యంతరం చెప్పుకోవచ్చట. కళ్ళజోళ్ళాయన అప్పుడే దరఖాస్తు రాసేశాడు. కాగితంలో "తో"ని నువ్వు "లో"గా దిద్దావని, ఫోర్జరీ అని, నిన్ను జైల్లో పెట్టాలని. "నోరు అదుపులో పెట్టుకోండి" అని మెట్ల మీదే ఆయనతో పోట్లాడాను. నా జన్మలో అంత గట్టిగా అరవలేదు.

నువ్వు దిద్దలేదని నాకు తెలుసు. వాళ్ళ గుమస్తాలెవరో చేసి ఉంటారు, ముప్ఫై ఒక్కేళ్ళ కిందట చేసినట్టే. నువ్వు వెంటనే పత్రికకి ఖండన పంపు. నాకు ఒక్క ముక్క రాయి. ఆఫీసుకి వచ్చిపోయేవాళ్ళు నా మొహంలోకి చూస్తున్నారు, ఏం చెప్పను?

నీ వదిన

ఏప్రిల్ 12

వదినకి,

నీ ఉత్తరం చదివి రెండుసార్లు జవాబు రాసి చించేశాను. ఇది మూడోది.

ఎవరూ ఏమీ దిద్దలేదు. నేను రాసింది "లో" అనే.

కోపం తెచ్చుకునే ముందు పూర్తిగా చదువు. మోసం చేయాలని రాయలేదు. మంత్రి ఖరాఖండీగా చెప్పాడు, మద్దతు చాలదు, పార్టీయే వచ్చి కలిసిపోవాలి, అప్పుడే ఆసుపత్రి అన్నాడు. నీకు నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం మీద రాశాను. నువ్వు చదవగానే మండిపడతావని, రైలెక్కి వచ్చి నా చెంప పగలగొడతావని రోజూ ఎదురుచూశాను. అప్పుడు నీతో వాదించి ఒప్పించవచ్చనుకున్నాను. నువ్వేమో "తో" అని చదివావు. నా చిన్నప్పటి త గురించి రాశావు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. జలుబు అబద్ధం. నిజం రాయాల్సింది. ఇరవై రెండు సంతకాలు ఎదురుగా ఉన్నాయి, ఇంజనీరు పటం పక్కనే ఉంది. రాయలేకపోయాను.

ముప్ఫై ఒక్కేళ్ళలో మన పార్టీ ఏం సాధించింది వదినా? రెండుసార్లు ఒక్కో సీటు. స్తంభం వెనక కుర్చీ. అన్నయ్య నిజాయితీగా బతికాడు, నిజాయితీగా పోయాడు, పడవలో ఆ ఇద్దరూ కూడా పోయారు. వాళ్ళు చల్లబడిపోవడం నా చేతులకి తెలుసు, మీ బల్లలకి తెలియదు. ఉపమంత్రి పదవి నేనడగలేదు. ఇస్తే వద్దనలేదు, అదీ ఒప్పుకుంటాను.

ఇప్పుడు నిన్నొకటి అడుగుతాను. విచారణకి నిన్ను పిలుస్తారు. "లో అనే చదివాను, తెలిసే సరే రాశాను" అని చెప్పు. నువ్వు మరోలా చెబితే నేను దగా చేశానంటారు, సీటు పోతుంది, పునాది దగ్గరే ఆసుపత్రి ఆగిపోతుంది. నా కోసం కాకపోయినా ఆ ఇరవై మంచాల కోసం. ఒక్క మాట వదినా. నీ కాళ్ళు పట్టుకుంటాను.

నీ వసపిట్ట

మే 2

గౌరవనీయ ఉపమంత్రిగారికి,

మొన్న విచారణ జరిగింది. మీ తరఫు వకీలు మీకు చెప్పే ఉంటాడు. అయినా నా మాటల్లో చెప్పడం నా బాధ్యత.

పదిమంది కూడా పట్టని గది. అధికారి బల్ల మీద ఫైళ్ళు, మూలన ఆగిపోయిన గడియారం. చుట్టుకాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి నా ముందుకి తోశారు. వాకిట్లో కళ్ళజోళ్ళాయన నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, దిద్దారని ఒక్క మాట అనండి, పార్టీ బతుకుతుంది" అన్నాడు. మీ ఉత్తరం నా సంచీలో ఉంది. ఒక అబద్ధం ఆయన అడిగాడు, ఒక అబద్ధం మీరడిగారు.

కళ్ళజోళ్ళాయన భూతద్దం ఇచ్చాడు. నిజానికి అది అక్కర్లేదు. ఆ అక్షరం నిక్షేపంలాంటి "లో". ఎక్కడా దిద్దుబాటు లేదు, గీకుడు లేదు. అలవాటు కొద్దీ మిగతాదీ చదివాను. ఆ నాలుగు వాక్యాల్లో పదకొండు చోట్ల త వచ్చింది. పదకొండూ ముత్యాల్లా ఉన్నాయి. మీ రాత ఎప్పుడో బాగుపడింది. నాకే తెలియలేదు. నేను చదివింది పన్నెండేళ్ళ పిల్ల రాత.

"మీరేం చదివారు?" అని అధికారి అడిగాడు. "తో అని చదివాను" అన్నాను. "ఉన్నదేమిటి?" అన్నాడు. "లో" అన్నాను. "దిద్దారా?" "లేదు." "అయితే చదవడంలో పొరపాటు మీదేనా?" "నాదే" అన్నాను. రాసుకున్నాడు. రాసినది సరిగ్గా ఉందో లేదో చూడమని నా ముందు పెట్టాడు. మూడుసార్లు చదివి సంతకం పెట్టాను. సిరా ఆరకముందే వకీలు చిరునవ్వుతో ఫైలు మూసేశాడు. పార్టీ పేరు కొట్టేశారు. మీ సీటుకి ఢోకా లేదు. ఆసుపత్రీ ఆగదు, మంచిదే. అక్కడ పుట్టే పిల్లల మీద నాకేం కోపం?

కళ్ళజోళ్ళాయన బస్సులో నా టిక్కెట్టు కూడా తనే తీసి, కిటికీ పక్క సీటు నాకిచ్చాడు. తిట్టినా బాగుండేది. ఆయన సరిగ్గా చదివాడు. నేను నలుగురి ముందు ఆయన్ని నవ్వులపాలు చేసి, తప్పు మీద సంతకం పెట్టించాను. మిగతా ఇరవై బల్లలవాళ్ళూ నా ఎర్ర సిరా చూసి పెట్టారు. దర్జీ అత్తగారు నిన్న మేడెక్కి వచ్చింది. "ఒక్కసారి కాదనకపోతే ఇలా అయింది" అని కూర్చుని ఏడ్చింది.

నువ్వు సూటిగా అడిగి ఉంటే నేను కాదనేదాన్ని. నాతో పోట్లాడేదానివి. ఏటవతలివాళ్ళు సరే అనేవాళ్ళేమో, దర్జీ సరే అనేవాడేమో, నేనొక్కదాన్నే మిగిలి ఓడిపోయేదాన్నేమో. ఓడిపోతే ఒక వారం అన్నం మానేసి, తర్వాత నీ పునాదిరాయి చూడటానికి వచ్చేదాన్ని. ఆ ఓటమి కూడా నాకు దక్కనివ్వలేదు. నా చేతే నా గొంతు కోయించావు. ఆ పని నాలుగు రోజులు నా ఉత్తరం చేత్తో పట్టుకుని, తీరిగ్గా ఆలోచించి చేశావు.

చూశారా, మళ్ళీ నువ్వు అనే రాసేశాను. కొట్టేయను. తప్పు జరిగిన చోటు కనబడాలి.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ప్రూఫులు చదివాను. పండితులవి, వకీళ్ళవి, మంత్రులవి. ఎవరి రాతనీ నమ్మకుండా అక్షరం అక్షరం వేలు పెట్టి చదివాను. నమ్మి చదివినది మీ రాత ఒక్కటే.

ఇకమీదట నాకేమైనా రాయవలసి వస్తే టైపు చేయించి పంపండి.

ఇట్లు,
మీ అన్నగారి భార్య